కొండా, కడలా, పచ్చికా? పెంపుడు జంతువుతో ఆరుబయట ఫొటోలు తీయించుకునేవారికి

నా దగ్గరికి వచ్చే జంటలు ముందుగా ఒక ఫొటో చూపిస్తారు. కొండ కొమ్ము, కింద మబ్బులు, అంచున చేతులు పట్టుకున్న ఇద్దరు, పక్కన రాజఠీవితో కూర్చున్న కుక్క. "మాకూ ఇలాంటిదే కావాలి" అంటారు. నేను కొండ గురించి ఏమీ అడగను. "మీ కుక్క పిలిస్తే వస్తుందా?" అని అడుగుతాను. "ఇంట్లో అయితే వస్తుంది" అన్నారంటే ఆ కొండ కొమ్మును అప్పటికప్పుడే పక్కన పెట్టేస్తాను. ఇంట్లో పిలిస్తే రావడం వేరు, ఎదురుగా ఉడుత పరుగెడుతుంటే దాన్ని వదిలి రావడం వేరు.

ఇలాంటి ఫొటోలకు తేల్చుకోవలసినవి చాలానే ఉంటాయి. ఎక్కడ, ఏ వేళ, ఎవరి చేత, తాడుతోనా తాడు లేకుండానా, నిలబెట్టి తీయాలా నడుస్తుండగా తీయాలా. అన్నిటికీ నేను వాడే కొలబద్ద మాత్రం ఒకటే: ఆ గుంపులో అందరికన్నా ఓపిక తక్కువ ఎవరికో చూడండి, వారిని బట్టి ఎంచుకోండి. చాలాసార్లు అది నాలుగు కాళ్ల సభ్యుడే అవుతుంది. ఒక్కోసారి మూడేళ్ల పిల్ల. ఎత్తంటే గుండె దడ పుట్టే భర్తలనూ చూశాను.

ముందు జంతువు, తర్వాతే చోటు

కుక్కలు మనలాగా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడవు. ముఖ్యంగా రొప్పడం ద్వారానే వేడిని బయటికి పంపుతాయి. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఆ దారి కూడా ఇరుకు. వాటితో గంటసేపు ఎక్కే కొండదారి ఎంచుకుంటే పైకి చేరేసరికి ఫొటో తీయదగిన ముఖం మిగలదు, ప్రాణానికే ముప్పు రావచ్చు. ఇలాంటి కుక్క ఉన్నవారు వాహనం పక్కదాకా వెళ్లే ఎత్తైన చోటు వెతకాలి. ఫొటోలో చూసేవారికి మీరు నడిచి వచ్చారో కారు దిగి వచ్చారో తెలియదు.

ఏడాది నిండని కూనలకు ఎముకలు ఇంకా గట్టిపడవు కాబట్టి దూకుళ్లు ఎక్కువగా ఉండే రాతిదారులు వద్దు. ముసలి కుక్కకు రాయి జారుతుంది, పొడి ఇసుకలో కాలు కూరుకుపోయి త్వరగా అలసిపోతుంది. దానికి చదునైన పచ్చిక నయం.

పిల్లి సంగతి పూర్తిగా వేరు. ఛాతీకి పట్టీ కట్టించుకుని బయట తిరగడం ముందే అలవాటైన పిల్లి అయితే తీసుకురండి, వీపు సంచీలో మోసుకురండి. పిల్లులు సహజంగానే తెల్లవారుజామున, మునిమాపున చురుకుగా ఉంటాయి. మంచి వెలుతురు ఉండేదీ అప్పుడే కాబట్టి వేళ కుదురుతుంది. గడప దాటని పిల్లిని మాత్రం ఒక్క ఫొటో కోసం అడవికి తేవడానికి నేను ఒప్పుకోను. ఇంటి మేడమీదో పెరటిలోనో తీద్దాం అంటాను. కొందరు మొహం చిన్నబుచ్చుకుంటారు, చిన్నబుచ్చుకోనీ. చిలుకను భుజాన పెట్టుకుని కొండెక్కుతామన్నవారు కూడా ఉన్నారు. రెక్కలున్నదానికి నచ్చచెప్పడం నా వల్ల కాదు.

చోటు

కొండకు ఉన్న బలం లోతు. ఒకదాని వెనక ఒకటిగా వరుసలు తీరిన కొండలు, వాటి మధ్య పొగమంచు ఉంటే మనుషులు చిన్నగా ఉన్నా ఫొటో నిండుగా ఉంటుంది. బలహీనత గాలి, చలి, నడక. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. 2,500 మీటర్లు దాటితే ఎత్తు వల్ల తలనొప్పి, వికారం మొదలయ్యే మనుషులు ఉంటారు. కింద వేసుకున్న పలుచని దుస్తులతో పైన వణుకుతూ నవ్వితే ఆ నవ్వు ఫొటోలో తెలిసిపోతుంది.

అంచు ఫొటోల గుట్టు ఒకటి చెబుతాను. ఎవరూ నిజంగా అంచున నిలబడనవసరం లేదు. జంటను అంచుకు నాలుగైదు మీటర్ల ఇవతల నిలబెట్టి, కెమెరాను నేలకు దించి, దూరం నుంచి 135 లేదా 200 మిల్లీమీటర్ల పొడవైన లెన్స్‌తో, అంటే దూరాన ఉన్నదాన్ని దగ్గరగా చూపే లెన్స్‌తో తీస్తే మధ్యలో ఉన్న నేల కంటికి కనబడకుండా పోతుంది. పాదాల వెనకే లోయ మొదలైనట్టు ఉంటుంది, వెనక కొండలు కూడా పెద్దవిగా, దగ్గరగా కనిపిస్తాయి. అదే ఫొటోగ్రాఫర్ వారి దగ్గరే నిలబడి, చుట్టూ ఎక్కువ మేర చూపే 24 మిల్లీమీటర్ల లెన్స్‌తో తీస్తే ఆ నేలంతా బయటపడుతుంది. అప్పుడు "ఇంకొంచెం వెనక్కి జరగండి" అనే మాట వస్తుంది. ఎవరిని పెట్టుకోవాలో తేల్చుకునేటప్పుడు ఈ ఒక్క ప్రశ్న అడగండి: అంచు ఫొటో ఎలా తీస్తారు? జవాబులో లెన్స్ మాట లేకుండా "మీరు వెళ్లి అంచున కూర్చోండి" అని మాత్రమే ఉంటే ఆ మనిషి ఫొటోలు ఎంత బాగున్నా నేనైతే వద్దంటాను.

సముద్రం పరుగెత్తే కుక్కలకు స్వర్గం. నేల తెరిపిగా ఉంటుంది, ఇసుక మీద పడిన వెలుతురు కింది నుంచి ముఖాల మీదికి తిరిగి వస్తుంది కాబట్టి టోపీ నీడలూ గడ్డం కింది నీడలూ పలచబడతాయి. నల్ల కుక్క బొచ్చులో వివరాలు తెలియడానికి కూడా ఇది బాగా పనికొస్తుంది. అయితే ఆటుపోట్ల పట్టిక చూడకుండా తేదీ ఖాయం చేయవద్దు. చాలా తీరాల్లో పోటు నుంచి ఆటుకు సుమారు 6 గంటలు పడుతుంది. పున్నమి, అమావాస్యల దగ్గర ఆ రెండిటి నీటిమట్టాల తేడా ఇంకా పెద్దదిగా ఉంటుంది. నీరు వెనక్కి తగ్గేటప్పుడు వెళితే తడి ఇసుక అద్దంలా ఆకాశాన్ని చూపిస్తుంది. పోటు సమయంలో రాళ్ల వెనక ఉన్న చిన్న తీరానికి వెళితే తిరిగి వచ్చే దారే మునిగిపోవచ్చు. మంచినీళ్లు వెంట లేకపోతే దాహానికి కుక్క ఉప్పునీళ్లు తాగుతుంది, వాంతులూ విరేచనాలూ చేసుకుంటుంది. తిరుగు ప్రయాణంలో కారు సీటు దానికి సాక్ష్యం చెబుతుంది.

అడవి అందరికీ నచ్చుతుంది, నాకు మాత్రం సగమే నచ్చుతుంది. ఆకుల సందుల్లోంచి పడే వెలుగు మచ్చలు నలుపు తెలుపు కలిసిన కుక్క మీద పడితే ఏది బొచ్చో ఏది ఎండో తెలియదు. పచ్చదనం ప్రతిఫలించి తెల్ల బొచ్చుకూ మనుషుల చర్మానికీ ఆకుపచ్చ ఛాయ వస్తుంది. వాసనల లోకం కాబట్టి కుక్క తల నేలమీంచి లేవదు. పిడుదులు ఉంటాయి, ఇంటికి రాగానే చెవుల వెనక, వేళ్ల మధ్య వెతకాలి. మబ్బు పట్టిన రోజైతే మాత్రం అడవికి సాటి లేదు. లోపలికి వెళ్లకుండా అడవి పొలిమేరన, చెట్లు వెనకా తెరిపి ముందూ ఉండేలా నిలబడితే ఈ చిక్కులు చాలావరకు తీరతాయి.

పచ్చిక మైదానం పేరు చెబితే ఎవరికీ కళ్లు మెరవవు. సాహసం ఏముంది అంటారు. కానీ మొదటిసారి తీయించుకునే కుటుంబాలకు నేను సూచించేది ఇదే. పిల్లలు పడినా దెబ్బ తగలదు, కుక్క ఎటు పోయినా కనిపిస్తుంది, సూర్యుడు వాలుతున్నప్పుడు గడ్డి కొసలన్నీ వెలుగుతాయి. గడ్డి ఎత్తు మోకాలి దాకా ఉంటే చిన్న జాతి కుక్క అందులో మాయమవుతుంది కాబట్టి ఎత్తుకోవాలి. ఎండిన గడ్డి గింజల ముళ్లు చెవుల్లో, పాదాల్లో గుచ్చుకుంటాయి కాబట్టి గడ్డి పచ్చగా ఉన్న కాలంలో వెళ్లడం మేలు.

మంచు ప్రాంతమైతే నల్ల, గోధుమ రంగు కుక్కలు అద్భుతంగా వస్తాయి. తెల్ల కుక్క పసుపుగా, మాసినట్టు కనిపిస్తుంది. తప్పు దానిది కాదు, మంచు అంత తెల్లగా ఉంటుంది మరి. కెమెరా దేన్ని చూసినా మధ్యస్థ బూడిద రంగుకు లాగుతుంది కాబట్టి వెలుతురును ఒకటి రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు) పెంచుకోవాలి. వేళ్ల మధ్య మంచు ఉండలు కడతాయి, అరగంటకోసారి పాదాలు చూడాలి. బ్యాటరీలు చలికి త్వరగా నీరసిస్తాయి, అదనపు బ్యాటరీని లోపలి జేబులో ఒంటి వెచ్చదనానికి ఆనించి ఉంచండి.

జలపాతం దగ్గర నేనే ఒకసారి బుద్ధి తెచ్చుకున్నాను. హోరులో యజమాని పిలుపు కుక్కకు వినబడదన్న సంగతి అప్పటికి నాకు తట్టలేదు. నీరు పాలధారలా రావాలంటే షట్టర్ అర సెకను తెరిచి ఉంచాలి, అర సెకను కుక్క కదలకుండా ఉండాలి. నేను "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అంటూ సాగదీశాను. అది మెడపట్టీలోంచి తల వెనక్కి లాగేసుకుని వచ్చిన దారినే పరుగు తీసింది. గంట తర్వాత కారు కింద పడుకుని దొరికింది. ఆ గంటలో ఆ ఇంటావిడ నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారే, అదే జరిగింది. ఇప్పుడైతే జలపాతం దగ్గర ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, జంతువునూ మనుషులనూ 1/250 సెకనుతో ఒకటి తీసి, వారు తప్పుకున్నాక అదే చట్రంలో నీటిని మాత్రం అర సెకనుతో మరొకటి తీసి, రెంటినీ తర్వాత కలుపుతాను. మెడపట్టీ ఒక్కటే సరిపోదు, ఛాతీ పట్టీ తప్పనిసరి అంటాను.

చెరువు, పడవ ఎంచుకునేవారికి రెండు మాటలు. పడవెక్కే ప్రతి ప్రాణికీ, కుక్కకు కూడా, లైఫ్ జాకెట్ ఉండాలి. నిలిచిన నీటి మీద ఆకుపచ్చ రంగు చిలికినట్టు తెట్టు కనిపిస్తే కుక్కను దాని దగ్గరికి కూడా రానీయవద్దు. కొన్ని రకాల నీలి ఆకుపచ్చ నాచు విషం కుక్కల ప్రాణం తీస్తుంది.

ఉదయమా, సాయంత్రమా

సూర్యుడు దిక్చక్రానికి దగ్గరగా ఉన్నప్పుడు వెలుతురు ఎక్కువ గాలి పొరను దాటి రావాలి. నీలి కాంతి దారిలోనే చెదిరిపోయి వెచ్చని రంగు మిగులుతుంది. ఉదయమైనా సాయంత్రమైనా ఈ గోల్డెన్ అవర్ అందం ఒకటే. అందుకే చాలామంది సుఖంగా ఉంటుందని సాయంత్రం ఎంచుకుంటారు. నేను ఉదయం వైపే మొగ్గుతాను, కారణం అందం కాదు. ఉదయం నేల చల్లగా ఉంటుంది, ఇతరుల కుక్కలు తక్కువ, గాలి కూడా సాధారణంగా తక్కువే. అన్నిటికన్నా ముఖ్యంగా వెలుతురు పెరుగుతూ పోతుంది. మొదటి పది నిమిషాలు కుక్క కుదురుగా లేకపోయినా తర్వాత ఇంకా వేగంగా తీయగలిగే వెలుతురు చేతిలో ఉంటుంది. సాయంత్రం దీనికి తలకిందులు. జంతువు అలసిపోయే సమయానికే వెలుతురూ తగ్గుతుంది. పైగా పగలంతా కాగిన రాయి, తారు, ఇసుక వేడి వదలడానికి చాలాసేపు పడుతుంది. అరచేతి వెనక భాగాన్ని నేలమీద 7 సెకన్లు ఆనించి చూడండి. మీకు తాళలేకుంటే దాని పాదాలూ తాళలేవు.

అయినా నిద్ర లేపితే మధ్యాహ్నం దాకా ముఖం ముడుచుకునే పిల్లలున్న ఇంటికి ఉదయం ఎంచుకుంటే ఉన్నదీ పోతుంది. అప్పుడు సాయంత్రమే మేలు, కాకపోతే ఒక గంట ముందు మొదలుపెట్టాలి. భూమధ్య రేఖకు దగ్గరి ప్రాంతాల్లో సూర్యుడు నిటారుగా దిగిపోతాడు కాబట్టి ఆ బంగారు వెలుతురు త్వరగా ముగుస్తుంది. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ, ముఖ్యంగా వేసవిలో, తీరిగ్గా సాగుతుంది. మరొక ప్రాంతంలో తీసిన ఫొటోలు చూసి సమయం అంచనా వేస్తే పొరపడతారు.

మబ్బు కమ్మిన పగటిపూట గురించి ఎవరూ గొప్పగా చెప్పరు. నల్ల కుక్క, తెల్ల చొక్కా ఒకే ఫొటోలో ఉండాలంటే దానికి మించింది లేదు. సూర్యాస్తమయం తర్వాతి నీలి వేళ మాత్రం జంటకే వదిలేయండి. ఆ చీకటిలో కదిలే జంతువు మసకబారుతుంది, ఫ్లాష్ వేస్తే కంటి వెనక పొర మెరిసి రెండు దీపాలు వెలుగుతాయి.

ఎవరి చేత తీయించుకోవాలి

పెంపుడు జంతువుల ఫొటోల్లో చేయి తిరిగినవారు ఉంటారు, కొండలూ గుట్టలూ ఎక్కి పెళ్లి జంటలను తీసేవారు ఉంటారు. మొదటివారి ఫొటోల్లో కుక్క కళ్లు వెలుగుతుంటాయి, కానీ పక్కనున్న మనుషులు ఒక్కోసారి బొమ్మల్లా ఉంటారు. రెండోవారి దగ్గర మనుషులూ ఆకాశమూ బాగుంటాయి, కుక్క తల పక్కకు తిరిగి ఉంటుంది. మీకు ఏ లోపం భరించడం తేలికో మీరే చెప్పుకోవాలి. నా మటుకు, జంతువు పిరికిదైతే మొదటివారు, దారి కష్టమైనదైతే రెండోవారు. ఎవరిని ఎంచుకున్నా వారి పది మేలైన ఫొటోలు కాక ఒకే షూట్‌లోని మొత్తం ఫొటోలు చూపించమనండి. పది మంచి ఫొటోలు ఎవరైనా పోగు చేయగలరు.

జంతువు కంటిని తనంతట తాను పట్టుకునే ఫోకస్ ఇప్పుడు చాలా కెమెరాల్లో ఉంది. 2019లో సోనీ తన కెమెరాలకు ఆ సదుపాయం ఇచ్చింది, తర్వాత కానన్, నికాన్ కూడా అందుకున్నాయి. పరుగెత్తే కుక్కకు అది నిజంగా ఉపయోగం. అయితే అది కుక్క కంటిని పట్టుకున్న క్షణంలో వెనకున్న మీ ముఖం ఫోకస్‌లో ఉందా అన్నది అపెర్చర్ మీద, అంటే లెన్స్ రంధ్రం ఎంత తెరిచామన్నదాని మీద ఆధారపడుతుంది. రంధ్రం బాగా తెరుచుకునే ఎఫ్ 1.8 దగ్గర కుక్క ముక్కుకూ కంటికీ మధ్యే ఫోకస్ చెదిరిపోతుంది. కుటుంబం మొత్తానికి ఎఫ్ 4 నుంచి ఎఫ్ 5.6 దాకా ఉంచాలి. షట్టర్ వేగం నడకకు 1/500, పరుగుకు 1/1000 సెకను లేదా అంతకన్నా ఎక్కువ.

ఖర్చు తప్పించుకుని మీరే తీసుకోవచ్చు కూడా. పది సెకన్ల టైమర్ మాత్రం వాడవద్దు. నొక్కి పరుగున వచ్చేలోపు కుక్క మీకు ఎదురొస్తుంది. రెండు సెకన్లకొకటి చొప్పున దానంతట అదే తీసుకుంటూ పోయే అమరిక పెట్టి కెమెరాను మరచిపోండి. ఫోనుతో తీస్తే వెనక భాగాన్ని మసకబరిచే పోర్ట్రెయిట్ పద్ధతి బొచ్చు అంచులనూ మీసాలనూ తరచు కోసేస్తుంది. మామూలు పద్ధతే నయం.

తాడు, ఆజ్ఞలు

తాడు ఫొటోను పాడుచేస్తుందని విప్పేయమంటారు. నేను విప్పను. సన్నని తాడును వదులుగా వేలాడనీయకుండా బిగుతుగా ఒక పక్కకు పట్టుకుంటే, వెనక గడ్డి గానీ ఆకాశం గానీ ఉంటే, తర్వాత చెరిపేయడం కొద్ది నిమిషాల పని. చివర్లో ఎవరూ లేని అదే దృశ్యాన్ని ఒకటి తీసి పెట్టుకుంటే ఇంకా తేలిక. తాడు ముఖాల మీదుగానో వేళ్ల చుట్టూనో పోతే చెరపడం నరకం. చాలా రక్షిత ప్రాంతాల్లో కుక్కను విప్పడం నిషిద్ధం, కొన్ని దారుల్లోకి దాన్ని రానివ్వనే రానివ్వరు. డ్రోనుకూ ఇలాంటి ఆంక్షలే ఉంటాయి. తేదీ కన్నా ముందు అనుమతి చూసుకోండి.

నిలబెట్టి తీయడమా, నడుస్తుండగా తీయడమా అంటే రెండోదే ముందు. పావుగంట నడిచాక కుక్క వాసనలన్నీ చూసేసి శాంతిస్తుంది, మనుషులు కెమెరాను మరచిపోతారు. నిలబెట్టే ఫొటోలు అప్పుడు ఐదు నిమిషాల్లో అయిపోతాయి. వాటిలో కుక్క ఉన్నవి ముందు, పిల్లలవి తర్వాత, జంట ఒక్కటే ఉన్నవి చివర. ఆ చివరి భాగంలో జంతువును చూసుకోవడానికి దానికి తెలిసిన మూడో మనిషిని వెంట తెచ్చుకోవడం అన్ని లెన్స్‌ల కన్నా విలువైనది.

ఎత్తు సంగతి ఒకటుంది. ఫొటోగ్రాఫర్ ఇలియట్ అర్విట్ 1974లో న్యూయార్క్‌లో తీసిన ఒక ఫొటోలో టోపీ పెట్టుకున్న చిన్న కుక్క, పక్కన ఒక స్త్రీ బూట్లు, ఆ పక్కన ఒక పెద్ద కుక్క ముందు కాళ్లు మాత్రమే ఉంటాయి. కెమెరా చిన్న కుక్క కంటి ఎత్తుకు దిగింది కాబట్టే ఆ ఫొటోలో కథ ఉంది. మీ ఫొటోగ్రాఫర్ మోకాళ్లు మాసిపోయి ఉంటే సంతోషించండి. మీరు కూడా కుక్క పక్కన కూర్చోండి, దాన్ని మీ ఎత్తుకు ఎత్తకండి. పెద్ద కుక్కను ఎత్తుకుని నవ్వడం మీకూ దానికీ నరకమే.

చప్పుళ్లు పొదుపుగా వాడాలి. కొత్త శబ్దానికి చెవులు రెండు మూడుసార్లు నిక్కుతాయి, నాలుగోసారి అది పట్టించుకోదు. ఇంటిల్లిపాదీ ఒకేసారి పేరు పెట్టి పిలిస్తే తల ఎటు తిప్పాలో దానికి తెలియదు. ఆవలింత, పెదవులు నాకడం, తల తిప్పేసుకోవడం, కంటి తెల్లగుడ్డు బయటపడటం కనిపిస్తే అది అలసిపోయిందని, బెదిరిందని అర్థం. నీళ్లిచ్చి పది నిమిషాలు వదిలేయండి. తిరిగి వచ్చాక కూడా అవే కనిపిస్తే ఆ రోజుకు ఇక చాలు.

బట్టల విషయం తొందరగా చెప్పేస్తాను: జంతువు రంగుకు భిన్నమైనవి, జారని బూట్లు, వాన పడితే మార్చుకోవలసిన రెండో తేదీ.

ఈ మధ్య వచ్చిన జంట కూడా కొండ కొమ్ము ఫొటోతోనే వచ్చారు. ఎవరు చెప్పినా వినని రెండేళ్ల వేటకుక్క వారిది. చివరికి కొండ అంచుకు కాక, దాని కింద ఉన్న పచ్చిక వాలుకు తెల్లవారుజామున వెళ్లాం. కొండ వెనకాల పెద్దదిగా కనిపించేలా పొడవైన లెన్స్ వాడాను, పది మీటర్ల తాడు కట్టి చివర నా సహాయకుడికి ఇచ్చాను. గంటన్నరలో అది పిలిస్తే ఒక్కసారి కూడా రాలేదు. తాడు చెరిపేశాక మాత్రం వారి పక్కనే, వారి కోసమే ఆగినట్టుంది.